అతికించిన అప్పు

"ఎవరి చెయ్యో ఏమో తల్లీ! రోజూ చచ్చినోళ్ళ చేతిలో చెయ్యి పెట్టి వస్తన్నావు. అది పట్టుకుని వదలకపోతే ఏం చేస్తావే?"

తిరపతమ్మ ఆ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. గుంటూరులో ఆ వీధికి ఎండ అప్పుడే గోడలు దిగి వస్తోంది. ఆమె కూతురు కుసుమ గడప మీద కూర్చుని చెప్పుల పట్టీ బిగించుకుంటోంది.

"అరవబాకమ్మా, వినపడతంది," అంది కుసుమ తలెత్తకుండా. "వీధి చివర కిళ్ళీకొట్టాయనక్కూడా వినపడతంది."

"గడప మీద కూచోబాకని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? లే, ముందు అక్కణ్ణించి లే!"

కుసుమ నవ్వుకుంటూ లేచి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బస్సుకు పరిగెత్తింది.

భయం తిరపతమ్మకి రోజువారీ పని. పొద్దున్నే పొయ్యి వెలిగించినట్టే దాన్నీ వెలిగించుకునేది. కూతురు బస్సెక్కితే బస్సు కాలవలో పడిందనీ, ఫోను ఎత్తకపోతే ఆసుపత్రిలో ఉందనీ, నవ్వుతూ ఇంటికొస్తే ఏదో దాస్తోందనీ అనుకునేది. నరసరావుపేటలో ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది. చీరలకు ఫాల్స్ కుట్టడం, చిరిగిన పట్టుచీరలకు అతుకు తెలియకుండా రఫూ చేయడం ఆమెకు వచ్చిన విద్య. మొగుడు బ్రహ్మయ్య మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాపలా ఉద్యోగి. "నీ భయాలన్నీ నిజమైతే ఈపాటికి మన వీధిలో మనిషనేవాడు మిగలడే," అనేవాడాయన. ఆమె ఆ మాటకి కూడా భయపడేది.

కుసుమ పని ఊరవతల కొండవాలున ఉన్న పరిశోధనశాలలో. కృష్ణ ఒడ్డున పాలవాగు దిబ్బ అనే చోట తవ్వుతుంటే రెండువేల ఏళ్ళనాటి వర్తకుల పేట ఒకటి బయటపడింది. అక్కడ దొరికిన కుండలూ ఇటుకలూ మట్టిబిళ్ళలూ అన్నీ కొండమీదికి చేరాయి. పగిలినవాటిని అతికించడం కుసుమ ఉద్యోగం. అతుకు ఎక్కడుందో కంటికి కనపడకూడదన్న పట్టుదల ఆమెకి తల్లి దగ్గర రఫూ పని చూస్తూ పెరిగినప్పుడే అబ్బింది.

ఆ పరిశోధనశాలలో ఒక యంత్రం ఉంది. దానికేదో మూరెడు ఇంగ్లీషు పేరు పెట్టారు. కుసుమ మాత్రం చెయ్యిపెట్టె అనేది. ఏడాది కిందట ఉద్యోగుల ఇళ్ళవాళ్ళని పిలిచి అన్నీ చూపించినప్పుడు తిరపతమ్మ దాంట్లో చెయ్యి పెట్టింది. ఒకవైపు గాజుపలక కింద పాత కుండమూతి ఉంది. ఇంకోవైపు తొడుగులో తన చెయ్యి. పెట్టె సన్నగా మూలిగింది. అంతే, తన బొటనవేలు తన మాట వినకుండా వంగింది. తడిమట్టి చల్లదనం తెలిసింది. ఒక మగమనిషి, వేలి చివర కాయ కాచినవాడు, కుండమూతిని తిప్పుతూ నొక్కి, చివర్లో విసుగ్గా ఒక్క విదిలింపు విదిలించాడు. ఆ విసుగు ఆమె భుజం దాకా పాకింది.

"ఏడీ? ఎక్కడున్నాడు?" అని చెయ్యి లాక్కుంది తిరపతమ్మ.

అందరూ నవ్వారు. ఆ యంత్రం తయారుచేసిన ప్రొఫెసర్ ఇందుశేఖర్ కూడా నవ్వాడు. "ఎక్కడా లేడమ్మా. మట్టి తడిగా ఉన్నప్పుడు చెయ్యి ఎంత బలంగా నొక్కిందో, ఎటు వణికిందో అంతా దాంట్లో ఉండిపోతుంది. పెట్టె దాన్ని చదివి మీ చేతికి చెప్పింది. అంతే."

"మీరు పెట్టారా సారూ, చెయ్యి?"

"నేను అంకెలు చూసుకోవాలి కదమ్మా. చేతులు పెట్టడానికి మా దగ్గర పనిచేసే పిల్లలున్నారు."

తిరపతమ్మకి ఆ మాట నచ్చలేదు. ఆ రోజు సాయంత్రం చేతిని సబ్బుపెట్టి కడిగి, పసుపు రాసి, మళ్ళీ కడిగింది.

కుసుమ గడప మీద కూర్చుని తిట్లు తిన్న రోజు రాత్రి అన్నం తింటూ ఫోనులో ఒక బొమ్మ చూపించింది. రెండు అరచేతులంత మట్టిబిళ్ళ. దాని మధ్యలో చిన్న చెయ్యి గుర్తు.

"పసిపిల్ల చెయ్యమ్మా. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. ముక్కలు ముక్కలుగా దొరికింది. చూడు, ఎక్కడన్నా అతుకు కనపడతందా?"

తిరపతమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. కనపడలేదు. కూతురి పనితనానికి లోపల పొంగిపోయి, పైకి మాత్రం "పిల్ల చెయ్యి మట్టిలో ఎందుకు పెట్టారు?" అంది.

"అప్పుకి."

"పిల్లకి అప్పేందే?"

"వానలు లేని ఏడు వాళ్ళ నాన్న షావుకారు దగ్గర ధాన్యం తీసుకున్నాడు. అది తీరేదాకా పిల్ల షావుకారింట్లో పని చెయ్యాల. ధాన్యానికి వడ్డీ ఉండదు, పిల్ల పనే వడ్డీ. వెనకాల రాసి ఉంది. తిరుగులేకుండా ఉండాలని పిల్ల చేతే ముద్ర వేయించుకున్నారు."

బ్రహ్మయ్య ముద్ద మింగి, "మా తాత కాలంలో కూడా అట్టా జీతానికి పెట్టేవాళ్ళు," అన్నాడు తాపీగా.

"ఆ తండ్రి చెయ్యి విరగ!" అంది తిరపతమ్మ. "తిన్నది వాడు, ముద్ర పిల్లదా? వాడెవడో ఇప్పుడు నా ముందుంటే ఈ గరిటతోనే కొడతాను."

"చచ్చి రెండువేల ఏళ్ళయిందిలే," అన్నాడు బ్రహ్మయ్య.

"అయితే ఏం? బుద్ధి వచ్చిందని గ్యారంటీ ఏంది?"

కుసుమ పొట్ట పట్టుకుని నవ్వింది. రేపు ఆ బిళ్ళని పెట్టెలో పెడుతున్నారనీ, తొడుగులో దూర్చే చెయ్యి తనదేననీ చెప్పింది. పొద్దున్నే బస్సెక్కింది.

మధ్యాహ్నం పరిశోధనశాల నుంచి ఫోనొచ్చింది. "కంగారు పడకండి, మీ అమ్మాయి బాగానే ఉంది," అన్నారు. బాగానే ఉన్నవాళ్ళ గురించి ఎవరూ ఫోన్ చెయ్యరని తిరపతమ్మకి తెలుసు. కుట్టుమిషను మీద చీర అట్లాగే వదిలేసి ఆటో ఎక్కింది.

కుసుమ నిజంగానే బాగుంది. నిలబడి ఉంది. జ్వరం లేదు, దెబ్బ లేదు. మాటే లేదు. కుడిచెయ్యి సగం ముడుచుకుని ఉంది, ఏదో తడిదాన్ని అప్పుడే వదిలినట్టు. "కుసుమా" అని పిలిస్తే అది ఎవరి పేరో తెలియనట్టు నేల చూసింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడ పక్కన ఒదిగి నిలబడింది, ఎవరైనా పని చెబుతారేమోనని.

డాక్టర్లు తలకి ఫోటోలు తీశారు, నరాలకి కరెంటు పెట్టి చూశారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయన్నారు. విశ్రాంతి ఇమ్మన్నారు. విశ్రాంతి తీసుకునే మనిషయితే కదా! తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది. తమ వాకిలి అయ్యాక పక్కవాళ్ళది ఊడ్చేది. అందరూ తినేదాకా అన్నం ముట్టేది కాదు. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. తిరపతమ్మ ఏడుస్తూ, తిడుతూ, బతిమాలుతూ పేరు పెట్టి అరిచేది. కుసుమ ఉలిక్కిపడి తల వంచుకునేది తప్ప పలికేది కాదు. అంత పెద్ద నోరున్న తల్లికి ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ అనిపించలేదు.

ఒకరోజు పొద్దున కుసుమ ఇంట్లో లేదు. తిరపతమ్మ మనసు రైలుపట్టాల దాకా వెళ్ళొచ్చింది. చివరికి వీధి మొదట్లో బియ్యం వ్యాపారం చేసే వాళ్ళ మేడలో కనిపించింది. వసారాలో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. ఆ ఇంటావిడ సామ్రాజ్యం ఉయ్యాలబల్ల మీద కూర్చుని కాఫీ తాగుతోంది.

"మీ పిల్ల భలే పనిమంతురాలు వదినా," అంది సామ్రాజ్యం. "తనంతట తనే వచ్చింది. వాకిలి ఊడ్చింది, గిన్నెలు తోమింది. పెద్ద చదువులు చదివిందని విన్నాను, ఇంత అణకువ ఉంటదనుకోలా."

"నీకు కళ్ళున్నాయా అసలు? ఒంట్లో బాగాలేని పిల్ల చేత గిన్నెలు తోమిస్తావా?"

"నేను రమ్మన్నానా ఏంది? చేస్తానంటే వద్దంటానా? పనిమనిషి మానేసి అవస్థ పడతన్నాను గదా."

"కాఫీ అయినా ఇచ్చావా దానికి?"

సామ్రాజ్యం గ్లాసులోకి చూసుకుంది. తిరపతమ్మ చేట లాగి వసారా అవతలికి విసిరింది. బియ్యం వీధంతా చిమ్మింది. కుసుమ మోకాళ్ళ మీద కూలబడి ఒక్కొక్క గింజా ఏరడం మొదలుపెట్టింది.

ఆ ఏరడం చూసేసరికి తిరపతమ్మ ఏడుపు ఆగిపోయింది. భయం కూడా ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒంట్లో భయం లేని క్షణం అదే మొదటిది. దాని జాగాలో కోపం వచ్చి కూర్చుంది. ఊరి మొత్తంలో ఇంకే ఇల్లూ కాకుండా గాదెలున్న ఇంటికే ఎందుకు వచ్చింది తన పిల్ల? పని చేస్తున్నది కుసుమ కాదు. ధాన్యం తెచ్చుకున్న ఇంట్లో, ఆ పసిది పని చేస్తోంది.

కూతురి చెయ్యి పట్టుకుని, నలిగిన చీర మార్చుకోకుండానే ఆటో పిలిచింది.

ఇందుశేఖర్ తన గదిలోనే ఉన్నాడు. కుసుమని చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. "కూర్చోండమ్మా. మేమే కబురు చేద్దామనుకున్నాం. ఏమేం చేస్తోందో అన్నీ గుర్తుపెట్టుకుని చెప్పగలరా? ఇలాంటిది ప్రపంచంలో ఎక్కడా..."

"సారూ, నా పిల్లని నాకివ్వండి."

"ఇదిగో, మీ పక్కనే..."

"ఇది నా పిల్ల కాదు. నా పిల్లయితే ఈపాటికి నన్ను నాలుగు మాటలని ఉండేది."

ఇందుశేఖర్ చెడ్డవాడు కాదు. ఏం చెప్పాలో తోచక తనకి బాగా తెలిసినదే చెప్పడం మొదలుపెట్టాడు. గాజుపెట్టెలో ఉన్న మట్టిబిళ్ళని చూపించాడు. ఆ కాలంలో ఇది నోటు లాంటిదన్నాడు. మట్టి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే అప్పిచ్చినవాళ్ళు, ఒకరు చస్తే కొడుకు చేతికి, లేదా కొన్నవాడి చేతికి పోయేది. అప్పు తీరినరోజు షావుకారు దాన్ని బాకీదారు ఇంటికి తెచ్చి, వాళ్ళ గడప మీద, వీధి అంతా చూస్తుండగా పగలగొట్టి, 'తీరింది' అనాలి.

"ఆ ముక్కల్ని ఇంటి ముందే గుంట తీసి కప్పేవాళ్ళు. మాకు దొరికినవన్నీ అలాంటివే. తీరనివాటిని వర్తకులు ఊరు విడిచేటప్పుడు వెంట తీసుకుపోయినట్టున్నారు."

"ఇదీ గడప దగ్గరే దొరికిందా?"

"అవును."

"పగిలిపోయి?"

"అవునమ్మా."

తిరపతమ్మ గాజుపెట్టె మీదికి వంగి బిళ్ళని చూసింది. తర్వాత ఆమె గొంతు ఆ గదికి సరిపోలేదు.

"అంటే ఆ పిల్ల ఇంటికొచ్చేసింది! తండ్రో తల్లో కూడబెట్టి తీర్చారు, గడప మీద పగలగొట్టారు, పిల్ల వచ్చి అన్నం తిని పడుకుంది. తీరిపోయిందాన్ని తవ్వి తీసి అతికించారా మీరు? రెండువేల ఏళ్ళయినాక ఆ పసిదాన్ని మళ్ళీ షావుకారింటికి పంపించారా?"

"అతికించింది మీ అమ్మాయే..." అని ఆగిపోయాడు ఇందుశేఖర్. నుదురు రుద్దుకున్నాడు. ఏదో లెక్క ఆయన ముఖంలో నెమ్మదిగా తిరిగింది. "పెట్టె పగుళ్ళని కూడా చదువుతుంది. అవి అడ్డొస్తున్నాయని పూడ్చమన్నాను. మిగిలిన గీతల్ని వదిలెయ్యమని పెట్టెకి చెప్పాం. నొక్కిన బలం ఒక్కటే కావాలనుకున్నాం." ఆయన గొంతు తగ్గింది. "పగలగొట్టిన దెబ్బ కూడా ఆ మట్టిలోనే ఉండాలి కదా. ఆ దెబ్బ మీ అమ్మాయి చేతికి అందలేదు. కట్టు పడింది, దాన్ని విప్పే దెబ్బ పడలేదు."

"అయితే ఇప్పుడు పడద్ది," అని తిరపతమ్మ గాజుమూత ఎత్తి బిళ్ళని అందుకుంది. తలపైకి లేపింది.

కుసుమ కీచుమంది. ఇన్నాళ్ళలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి శబ్దం అది, మాట కాదు. తల్లి కాళ్ళమీద పడి, రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని, తల అడ్డంగా ఊపుతూ నేలకి కొట్టుకుంది.

"దించండి! దించండమ్మా!" ఇందుశేఖర్ పరిగెత్తుకొచ్చాడు. "మీరు పగలగొట్టకూడదు. బాకీదారు తరఫువాళ్ళు లాక్కుని పగలగొడితే అది దొంగతనం. ఆ శిక్ష పిల్లకే పడేది. ఆ పిల్లకి తెలుసు. అప్పిచ్చినవాడే పగలగొట్టాలి."

తిరపతమ్మ చేతులు దించింది. బిళ్ళని గాజు కింద పెట్టింది, పసిబిడ్డని పక్కమీద పెట్టినట్టు. వంగి కూతురి నుదుటి దుమ్ము తుడిచింది. నిటారుగా లేచి ప్రొఫెసర్ని చూసింది.

"మట్టి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే అప్పిచ్చినవాళ్ళన్నావు. ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?"

మీరు అన్న మాట నువ్వు లోకి జారిపోయిందని ఇద్దరూ గమనించారు. ఎవరూ సర్దుకోలేదు.

"అమ్మా, అది జాతి సంపద. పగలగొడితే నా ఉద్యోగం పోవడమే కాదు, నేనే జైల్లో ఉంటాను. పై నెలలో బయటి దేశాలవాళ్ళు దీన్ని చూడటానికే వస్తున్నారు. పసిచేతి ముద్ర ఇదొక్కటే. నా ఇరవయ్యేళ్ళ..."

"నీ ఇరవయ్యేళ్ళకి నా పిల్ల వడ్డీయా?"

"ఒప్పుకునే చేసిందమ్మా. సంతకం కూడా..."

"ఆ పసిదీ ఒప్పుకునే పెట్టిందిలే చెయ్యి!"

ఇందుశేఖర్ కళ్ళు దించుకున్నాడు. అయినా కదల్లేదు. బిళ్ళకీ ఆమెకీ మధ్య నిలబడ్డాడు. తిరపతమ్మ ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసి, పెట్టె దగ్గరికి నడిచింది. తొడుగులో తన కుడిచెయ్యి దూర్చింది.

"పెట్టు. ఆ బిళ్ళ దీంట్లో పెట్టు. పిల్ల బదులు తల్లి పని చేస్తదని షావుకారుతో చెప్పుకుంటాను. నువ్వు పెట్టకపోతే ఇక్కణ్ణించి కదిలేదే లేదు. పోలీసుల్ని పిలుచుకో. నేను కేకలేస్తే కొండ కింద బస్టాండు దాకా వినపడద్ది, నా కూతురే చెప్పింది."

ఆయన ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. బహుశా ఒక్కసారి చూస్తే శాంతిస్తుందనుకున్నాడేమో. తలుచుకుంటే లాగెయ్యడానికి వీలుగా మీట మీద చెయ్యి ఉంచుకుని, బిళ్ళని గాజుపలక కిందికి జరిపాడు.

పెట్టె మూలిగింది.

తిరపతమ్మ చెయ్యి చిన్నదైపోయింది. గోళ్ళు కొరుక్కున్న పసిచెయ్యి. కింద మట్టి చల్లగా, జారుగా ఉంది. ఆ చెయ్యి దిగడం లేదు. వెనక్కి పోతోంది. మోచేతి దాకా గట్టిగా బిగుసుకుని, పెట్టను పెట్టను అంటోంది. అప్పుడు దానిమీద ఇంకో చెయ్యి పడింది. పెద్దది, గరుకుది. ఆ చేతిని పట్టుకుని, మట్టిలోకి అదిమింది. తండ్రి! దొరికావురా అనుకుంది తిరపతమ్మ. పళ్ళు పటపటమన్నాయి.

కానీ అదిమిన చేతికి గాజుంది. శంఖం గాజు, అంచు అరిగి పదునెక్కినది. అది పిల్ల మణికట్టు మీద ఒత్తుకుంటోంది. ఆ పెద్ద చెయ్యి కూడా వణుకుతోంది. ఎంత వణికినా ఎత్తలేదు. ముద్ర పడేదాకా అదిమే ఉంచింది. చివర్లో, ఎత్తబోయే ముందు, దాని బొటనవేలు పిల్ల చేతి వెనక ఒక్కసారి నిమిరింది.

అట్లా నిమిరేది ఎవరో తిరపతమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. జ్వరమొచ్చిన పిల్లకి సూది వేయించేటప్పుడు కదలకుండా బిగించి పట్టుకుని, సరిగ్గా అట్లాగే నిమిరింది తను, ఎన్నోసార్లు. అందుకే ఆమెని పట్టుకున్నది పిల్ల చెయ్యి కాదు, ఆ తల్లి చెయ్యి.

ఇందుశేఖర్ మీట ఎత్తేశాడు. ఆమె చెయ్యి బయటికి తీసుకుంది. మణికట్టు పట్టుకుని చూసుకుంది. ఏ గుర్తూ లేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం కోపంతోనే కారాయి.

"తండ్రి కాదు," అంది. "తల్లి. ఇన్నాళ్ళూ లేనివాణ్ణి తిట్టాను. ఎంత ఆకలైతే, ఇంకెంతమంది పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని చేసి ఉంటదో! చేయించుకున్నోడు ఎదురుగా కూచుని చూస్తా ఉండి ఉంటాడు, నీ మాదిరే. వాడు చెయ్యి మాపుకోలేదు. నువ్వూ మాపుకోలేదు."

"పైన ఇంకో చెయ్యా?" ఇందుశేఖర్ తెల్లబోయాడు. "అంకెల్లో రెండు బలాలు కనిపించాయి. మట్టి ఆరేటప్పుడు ముడుచుకున్న దోషం అనుకుని కొట్టేశాను."

"నీ అంకెలు నాకు తెలీదు. చెయ్యి పెట్టి చూసుకో."

కుసుమ చెయ్యి పట్టుకుని ఆమె బయటికి నడిచింది. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. ఇందుశేఖర్ పెట్టె ముందు నిలబడి చొక్కా చెయ్యి మడుస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ మడుస్తున్నాడు. ఆయన చెయ్యి తెల్లగా, మెత్తగా, పెట్టె కట్టినా పెట్టెలో ఎన్నడూ దూరనిదిగా ఉంది.

ఆ రాత్రి తిరపతమ్మ తన భయాలన్నీ వరసగా అనుకుంది. కుసుమ ఇక ఇంతే. తను పోయాక వీధులెంట ఊడ్చుకుంటూ పోతుంది. సామ్రాజ్యం లాంటివాళ్ళు కాఫీ తాగుతూ చూస్తారు. బ్రహ్మయ్య డ్యూటీకి వెళ్ళలేదు. "వకీలుని అడుగుదామా?" అన్నాడు. "ఎవర్నన్నా అడుగు, నన్ను మాట్లాడించబాక," అంది.

పొద్దున తొమ్మిదింటికి వీధిలో ఒక పాత కారు ఆగింది. కొండమీది ఆఫీసు జీపు కాదు. ఇందుశేఖర్ ఒక్కడే దిగాడు. గడ్డం గీసుకోలేదు. రెండు చేతుల్లో దూదిలో చుట్టిన పొట్లం. కుడిచెయ్యి మణికట్టుని ఎడమచేతి వేళ్ళు మాటిమాటికీ తడుముకుంటున్నాయి.

"మీ ఇల్లు ఇదేనా?" అని అడిగాడు బ్రహ్మయ్యని. అప్పటికే గడప ముందు పొట్లం విప్పుతున్నాడు.

కుసుమ పక్కింటి వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది. బిళ్ళని చూడగానే చీపురు కింద పెట్టి, దగ్గరికొచ్చి, తల వంచుకుని నిలబడింది. వీధిలో ఒక్కొక్కరే పోగయ్యారు. సామ్రాజ్యం కూడా మేడ మీంచి వంగి చూస్తోంది.

"వచ్చావా?" అంది తిరపతమ్మ. మర్యాద చెయ్యాలని ఆమెకి తోచలేదు. "పెట్టావా చెయ్యి?"

ఇందుశేఖర్ తల ఊపాడు. తర్వాత, "రాత్రంతా... నా చేతిమీద ఆవిడ వేలు ఉన్నట్టే ఉందమ్మా," అన్నాడు. "ఏమన్నా అయితే నేను చూసుకుంటాను. ముందు ఇది చెయ్యనివ్వండి."

ఆయన బిళ్ళని రెండు చేతులా ఎత్తి గడపకేసి కొట్టాడు. పగల్లేదు.

తిరపతమ్మ తన్ను తానే తిట్టుకుంది. అతుకు కనపడకుండా, ఊడకుండా పట్టించడం దీనికి నేర్పింది ఎవరు? ఇందుశేఖర్ మళ్ళీ ఎత్తి, ఈసారి కళ్ళు మూసుకుని, చేతిలో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. పాత పగుళ్ళ దగ్గర కాకుండా, పసిచేతి ముద్ర మధ్యగా, కొత్తచోట విరిగింది. ఒక ముక్క దొర్లి వెళ్ళి మురుగుకాలవ అంచున ఆగింది.

"తీరింది," అన్నాడాయన. ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకుని గట్టిగా అన్నాడు. "తీరింది!"

కుసుమ ముక్కల వైపు చూస్తూ నిలబడే ఉంది.

"కుసుమా," అంది తిరపతమ్మ.

కుసుమ చూపు ముక్కల మీంచి కదల్లేదు.

"కుసుమా, అమ్మనే. తీరిపోయిందంట. ఇటు చూడవే."

కుసుమ నెమ్మదిగా కిందికి వంగింది. ఏరుతుంది, ఏరి మళ్ళీ పేరుస్తుంది, దీని ఖర్మ ఇంతే అనుకుంది తిరపతమ్మ. కుసుమ ఒక ముక్క తీసింది, అటూ ఇటూ తిప్పి అంచు చూసింది. ఎక్కడిది అక్కడ పెట్టేసింది. సగం ముడుచుకుని ఉన్న కుడిచెయ్యి తెరిచి, అరచేతికి అంటిన దుమ్ముని పావడా మీద తుడుచుకుంది. ముక్కల మీదుగా అడుగు దాటించి, చాలా దూరం నడిచొచ్చినదానిలా ఒక్క నిట్టూర్పు విడిచి, గడప మీద చతికిలబడింది.

తిరపతమ్మ నోరు ఆమె చెప్పకుండానే తెరుచుకుంది. ఇన్నాళ్ళ కోపమంతా, వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వినపడేట్టు, ఒక్కసారిగా బయటికొచ్చింది.

"గడప మీద కూచోబాకని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

మేడ మీద సామ్రాజ్యం చెవులు మూసుకుంది. బ్రహ్మయ్య భార్య భుజం పట్టుకున్నాడు. కుసుమ లేవలేదు. మోకాళ్ళ మీద తల ఆనించి, కళ్ళు మూసుకుని, అట్లాగే చాలాసేపు కూర్చుంది. ఇందుశేఖర్ తన మణికట్టు తడుముకోవడం ఆపి చూస్తున్నాడు. తిరపతమ్మ ఇంకోసారి పిలవబోయి, పిలవడానికి భయపడి ఆగింది.

"అరవబాకమ్మా," అంది కుసుమ, తలెత్తకుండానే. "వినపడతంది."